రంగు సరకును అమ్మునా?

బాసరలో జ్ఞానసరస్వతి ఆలయమునకు పోవు దారి పొడుగున దుకాణములలో అక్షరాభ్యాసమునకు కావలసిన సామగ్రి యంతయు దొరకును. పలక, బలపము, నోటుపుస్తకము, కలము, పూలు, టెంకాయ, పసుపు, కుంకుమ. వసంతపంచమి నాడును, శరన్నవరాత్రులలో మూలా నక్షత్రము నాడును దూరప్రాంతముల నుండి తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. అమ్మవారికి అలదిన పసుపును ప్రసాదముగా స్వీకరించిన బిడ్డకు విద్య అబ్బునని వారి నమ్మకము. ఆ దుకాణముల వరుసలో కంటికి మొదట తగులునవి రెండే రంగులు: పసుపు, ఎరుపు.

'వర్ణ మనస్తత్వము' అను పేర నేడు ప్రచారములో నున్న పట్టికను చేతబట్టుకొని ఒక వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఈ వీధికి వచ్చెననుకొందము. ఆ పట్టికలో పసుపు ఉల్లాసమును కలిగించును. ఎరుపు తొందరను, ఆకలిని పుట్టించును. నీలము నమ్మకమును, ఆకుపచ్చ శాంతిని ఇచ్చును. కావున బాసర వర్తకులు తెలిసియో తెలియకయో సరియైన రంగులనే ఎన్నుకొన్నారని, పసుపు చూచి ఉల్లాసము పొంది, ఎరుపు చూచి తొందరపడి యాత్రికులు కొనుచున్నారని అతడు తన నివేదికలో వ్రాయగలడు. వాక్యము చదువుటకు బాగుండును. అందులో నిజమెంత?

ఆ తల్లిదండ్రులు రైలు దిగకమునుపే పలక కొనవలెనని నిశ్చయించుకొన్నారు. పసుపు కుంకుమలు కొనకుండ తిరిగిపోవు వారు అరుదు. దుకాణమునకు పసుపు రంగు ఉన్నందున వారు పసుపు కొనుట లేదు. వారు పసుపు కొనుటకు వత్తురు గనుక దుకాణము పసుపుగా నున్నది. కార్యమును కారణముగా చూపుట ఈ పట్టికల మొదటి దోషము. గోదావరి ఒడ్డున పడవలు ఎక్కువగా నుండుట చూచి, పడవల వలన నీరు వచ్చినదని చెప్పుట వంటిది.

పట్టికలకు శాస్త్రప్రతిష్ఠ నిచ్చుచు తరచుగా ఉదహరింపబడు ఒక వాక్యము కలదు. 2006లో 'మేనేజిమెంటు డెసిషన్' అను పత్రికలో సత్యేంద్ర సింగ్ అను ఆచార్యుడు విపణనముపై రంగు ప్రభావమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఒక వస్తువునైనను, మనిషినైనను చూచిన 90 సెకండ్లలో జనులు ఒక అభిప్రాయమునకు వత్తురనియు, ఆ అభిప్రాయములో నూటికి 62 మొదలు 90 పాళ్ళు రంగు మీదనే ఆధారపడియుండుననియు అందులో కలదు. అది సమీక్షావ్యాసము. అనగా ఇతరులు వ్రాసిన దానిని క్రోడీకరించినది. ఆ అంకెలను రాబట్టిన ప్రయోగము అందులో చేయబడలేదు. అయినను వ్యాపార ప్రకటనల లోకము ఆ అంకెలను ధర్మామీటరు చూచి చెప్పిన ఉష్ణోగ్రతవలె వాడుకొనుచున్నది.

ప్రయోగము చేసియున్నను ఆ అంకెకు అర్థము కుదురునా అనునది ఇంకను పెద్ద ప్రశ్న. బాసరలోని పలకల దుకాణమునే తీసికొనుడు. పది పలకలు ఒకే కొలత, ఒకే ధర, ఒకే గట్టితనము కలిగి చట్రము రంగులో మాత్రమే భేదించినచో, బిడ్డ దేనిని కోరినను ఆ కోరికకు రంగు తప్ప వేరు ఆధారము లేదు. రంగు పాలు నూటికి నూరు. అవే పలకలలో సగమునకు 20 రూపాయలు, సగమునకు 80 రూపాయలు ధర పెట్టుడు. ఇప్పుడు తండ్రి చేయి చౌక పలకల వైపు పోవును; రంగు పాలు పడిపోవును. సగము పలకలు పగిలియున్నచో మరియు పడిపోవును. బిడ్డ మారలేదు, రంగులు మారలేదు, కన్ను మారలేదు. మారినది ఎదుట నుంచిన సరకు మాత్రమే. కాబట్టి 'ఎంపికలో రంగు పాలు ఇంత' అనునది బంగారము సాంద్రతవలె స్థిరమైన రాశి కాదు. ఏయే వస్తువుల నడుమ, ఏయే భేదముల నడుమ అని చెప్పక ఆ అంకెను ఒంటరిగా చెప్పుట, దూరము చెప్పక 'రెండు గంటలు పట్టును' అని వేగమును తెలుపుట వంటిది.

పట్టికకు ఎదురు సాక్ష్యము పట్టికలు నమ్మువారి ఇంటనే దొరకును. అమెరికా పత్రికా రచయిత వాన్స్ ప్యాకర్డ్ 1957లో ప్రకటించిన 'ది హిడెన్ పర్స్వేడర్స్' అను పుస్తకములో బట్టల సబ్బుపొడి కథ కలదు. ఒకే పొడిని మూడు రంగుల పెట్టెలలో పోసి గృహిణుల కిచ్చిరి. పసుపు పెట్టెలోని పొడి మరీ తీవ్రమైనదని, బట్టలను చెరచుచున్నదని కొందరు ఫిర్యాదు చేసిరి. నీలపు పెట్టెలోని పొడి మురికి వదలించుట లేదనిరి. నీలముపై పసుపు చుక్కలున్న పెట్టె మంచిదని మెచ్చుకొనిరి. ఈ కథను రంగు మహిమకు నిదర్శనముగా నేటికిని చెప్పుచుందురు. కాని ఇందులో పసుపు ఉల్లాసమును కలిగింపలేదు, బట్ట చిరుగునను భయమును కలిగించినది! నీలము నమ్మకము నీయలేదు, అనుమానము నిచ్చినది. కథ నిజమైనచో పట్టిక తప్పు కావలెను. పట్టిక నిజమైనచో కథ తప్పు కావలెను. రెంటిని ఒకే ఉపన్యాసములో చెప్పువారు ఈ చిక్కును గమనించినట్లు లేదు.

పసుపు రంగు ఉల్లాసమునకు గుర్తు అను మాటను దేశదేశములలో అడిగి చూచిన వారును కలరు. డొమిసెలి యోనౌస్కైటీ, ఆమెతో పనిచేసిన శాస్త్రజ్ఞులు 55 దేశములలో 6,625 మందిని ప్రశ్నించి 2019లో ఫలితములు ప్రకటించిరి. భూమధ్యరేఖకు దూరముగా, వర్షములు ఎక్కువగా నుండు దేశములవారు పసుపును సంతోషముతో ముడిపెట్టుట హెచ్చుగా కనబడినది; ఎండలు మెండుగా నుండు దేశములలో అది తక్కువ. సూర్యుడు అరుదుగా కనబడు చోట సూర్యుని రంగు ప్రియమగుటలో వింత లేదు. వేసవిలో రాతినేల కాళ్ళను కాల్చు గోదావరి తీరమున, చల్లని దేశములలో పుట్టిన పట్టికను మార్పు లేక అతికించుట ఎంత తొందరపాటో ఇందువలన తెలియును. అయితే దేశములన్నిటి నడుమ పొత్తు లేనే లేదని చెప్పుటయు తప్పే. అదే బృందము 2020లో 30 దేశముల వారిపై ప్రకటించిన మరొక పరిశోధనలో రంగులకు, భావములకు గల ముడులు చాల వరకు అన్నిచోట్ల ఒకే తీరున నుండుటయు, ఇరుగుపొరుగు దేశములలోను, దగ్గరి భాషలలోను ఆ పోలిక మరింత హెచ్చుటయు కనబడినవి. ఐనను ఆ ముడులు మాటలలో అడిగి తెలిసికొన్నవి. 'పసుపు అనగానే ఏ భావము తోచును?' అను ప్రశ్నకు జవాబు చెప్పుట వేరు. పసుపు పెట్టెలోని సరకును డబ్బిచ్చి కొనుట వేరు.

భాష మాట వచ్చినది గనుక ఒక సంగతి. తెలుగులో 'పచ్చ' అను మాట ఆకు రంగునకును, పసుపు రంగునకును చెల్లును. పైరు పచ్చన, పచ్చకామెర్లవాని కన్ను పచ్చన, మేలిమి బంగారము పచ్చన. తేడా తెలుపవలసినపుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అందురు. కంటికి తేడా తెలియదని దీని అర్థము కాదు. వర్ణపటములో ఆ రెండును వేరుగానే కనబడును. కాని 'నూరేండ్లు పచ్చగా నుండుము' అని అవ్వ దీవించునపుడు ఆ పచ్చ పట్టికలోని ఏ గడిలోనిది? ఉల్లాసపు గడిలోనిదా, శాంతపు గడిలోనిదా?

ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా సంబంధించిన వాదము మరొకటి. పరీక్షకు ముందు ఎర్రరంగు చూచిన విద్యార్థులకు మార్కులు తగ్గునని ఆండ్రూ ఎలియట్ బృందము 2007లో ప్రకటించెను. పత్రికలు దానిని వెంటనే అందుకొన్నవి. తరువాతి పరిశోధనలనన్నిటిని కూడి 2020లో టీమో న్యాంబ్స్ లెక్కించి చూడగా అట్టి ప్రభావమునకు ఆధారము బహుస్వల్పమని తేలినది. ఎర్రసిరాతో దిద్దు అయ్యవార్లు ఊపిరి పీల్చుకొనవచ్చును.

ఇట్టి వాదములను వినుట కంటె తరగతిలో పరీక్షించుట మేలు. ఒకే రకపు బలపముల పెట్టెలకు కొన్నిటికి పసుపు కాగితము, కొన్నిటికి నీలి కాగితము చుట్టి, 40 మంది పిల్లలను ఒక్కొక్కరినిగా పిలిచి ఒక పెట్టె తీసికొమ్మనవలెను. పసుపు పెట్టె కుడివైపున నుంచుటయా, ఎడమవైపున నుంచుటయా అనుదానిని ప్రతిసారి నాణెము నెగురవేసి నిర్ణయింపవలెను. లేనిచో కుడిచేతి వాటము రంగు మహిమగా లెక్కకు వచ్చును. ఒకరు తీసికొనినది మరొకరు చూడరాదు. పసుపు పెట్టెను 25 మంది తీసికొనిరనుకొందము. వెంటనే 'పసుపు గెలిచినది' అని గోడపత్రికలో వ్రాయరాదు. 40 నాణెములను ఎగురవేసిన యెడల నూటికి సుమారు 96 పర్యాయములు బొమ్మలు 14 మొదలు 26 లోపలనే పడును. 25 అనునది ఏ మహిమయు లేని నాణెములు కూడ చూపు అంకె. వ్యాపార నివేదికలలో తరచు కనబడని లెక్క ఇదియే. పదవ తరగతి గణితము తెలిసిన వారికి అందనిది కాదు.

పట్టికలు తప్పైనంత మాత్రమున కొనువానిపై రంగుకు ప్రభావము లేదనరాదు. ప్రభావము కలదు, పట్టికలు చెప్పు దానికంటె బలముగనే కలదు. అయితే అది ఉల్లాసము, శాంతి అను భావముల దారిని వచ్చుట తక్కువ. రెండు దారులు స్పష్టముగా కనబడుచున్నవి.

మొదటిది కంటికి సంబంధించినది. పగటి వెలుతురులో మానవ నేత్రము సుమారు 555 నానోమీటరుల తరంగదైర్ఘ్యము గల కాంతికి, అనగా ఆకుపచ్చకు పసుపునకు నడుమనున్న కాంతికి, అన్నిటికంటె ఎక్కువగా స్పందించును. పసుపు పూత ఈ భాగమును దండిగా పరావర్తనము చేయును గనుక దూరము నుండి తొందరగా కనబడును. అమెరికాలో 1939లో బడి బస్సులకు పసుపు రంగును నిర్ణయించుటలో చూడబడినది ఇదియే. ఇది కనబడుటకు సంబంధించిన మాట, కొనుటకు కాదు.

రెండవ దారి వర్తకమునకు మూలము. మామిడిపండు పండినదా, మిరప మాగినదా, నెయ్యి తాజాదా అను ప్రశ్నలకు రంగు ఒక జవాబు. మనిషి రంగును చూచి సరకు గుణమును ఊహించును. ఆ ఊహ ఎంత గట్టిదో ఫ్రాన్సులోని బోర్డో పట్టణములో 2001లో ప్రకటింపబడిన ప్రయోగమొకటి చూపినది. ద్రాక్షసారాయి రుచి పరీక్షను చదువుకొనుచున్న 54 మందికి తెల్ల సారాయిలో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇయ్యగా, వారు ఎర్ర సారాయికి వాడు మాటలతోనే దాని వాసనను వర్ణించిరి. చట్టములు చేయువారును ఈ బలము నెరుగుదురు. వెన్నకు బదులు వాడు మార్గరీన్ అను కొవ్వునకు పసుపు రంగు వేసినచో పౌనుకు 10 సెంట్లు, వేయనిచో పావు సెంటు చొప్పున అమెరికా ప్రభుత్వము 1902లో పన్ను విధించినది. ఆ పన్ను 1950 వరకు సాగినది. పన్ను కట్టినవారు ఉల్లాసమునకు కట్టలేదు, వెన్న పోలికకు కట్టిరి.

బాసరకు వచ్చు యాత్రికుడు కొను పసుపు ఈ రెండవ దారికి చక్కని ఉదాహరణము. బాసరకు ఎగువన, గోదావరి తెలంగాణములో ప్రవేశించు కందకుర్తి వద్ద కలియు నదులలో ఒకదాని పేరు హరిద్ర. హరిద్ర యనగా పసుపే. పొరుగుననే నిజామాబాదు పసుపు విపణి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ఆ పట్టణములోనే ప్రారంభింపబడినది. త్రవ్విన దుంపలను ఉడికించి, రెండు వారముల వరకు ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పి మెరుగు పెట్టి అమ్మకమునకు తెత్తురు. కొమ్ము గట్టిగా నున్నదా, విరిచినచో లోపలి రంగెట్లున్నది అని కొనువాడు చూచును. ఆరబెట్టిన పంటపై అకాలవర్షము పడి కొమ్ము నల్లబడినచో ధర దిగిపోవును.

రంగును చూచి ధర కట్టుట మూఢత్వము కాదు. పసుపునకు రంగునిచ్చు ముఖ్యపదార్థము కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్తియే అను వారు దానిని వేరుచేసిరి. 1910లో దాని అణునిర్మాణము తెలిసినది. అది 425 నానోమీటరుల చుట్టునున్న ఊదా, నీలి కాంతిని పీల్చుకొని తక్కిన దానిని వదలును గనుక పసుపుగా కనబడును. కర్కుమిన్ ఎక్కువైనచో రంగు చిక్కనగును. అయితే ఈ అణువు మహా చంచలమైనది. సున్నము తగిలిన ఎర్రబడును. పారాణి ఎరుపు, దిష్టి తీయు ఎర్రనీళ్ళ ఎరుపు ఇట్లు వచ్చినవే. పట్టిక ప్రకారము పసుపు ఉల్లాసము, ఎరుపు తొందర. తెలుగు ఇంట చెంచాడు సున్నముతో ఒకటి మరొకటి యగుచున్నది, రెండును శుభముగనే యున్నవి. కర్కుమిన్ వెలుతురులో వెలసిపోవును కూడ. అందుచేత పాతబడిన పొడి, తడిసిన కొమ్ము చూపునకు బీదగా నుండును.

మోసము దూరునది ఇక్కడనే. రంగు గుణమునకు గుర్తు అని కొనువాడు నమ్మును గనుక, గుణము పెంచక గుర్తును మాత్రమే పెంచుటకు దారి యేర్పడును. బంగ్లాదేశములో 1980 దశకమున వరదలకు తడిసి రంగు చెడిన పసుపు కొమ్ములకు లెడ్ క్రోమేటు అను పసుపు వర్ణకమును పూయుట మొదలైనదని, అది క్రమముగా వాడుకగా మారినదని జెన్నా ఫోర్సైత్ బృందము 2019లో తెలిపినది. కుర్చీలకు, యంత్రములకు వేయు రంగులలో వాడు పదార్థమది; అందులో సీసము కలదు. ఆ దేశపు పరిమితి గ్రాము పసుపులో 2.5 మైక్రోగ్రాముల సీసము కాగా, ఒక నమూనాలో 1,152 మైక్రోగ్రాములు కనబడినవి. ప్రభుత్వము దాడులు చేసి, ప్రచారము సాగించి, ఎక్సు కిరణములతో సీసమును అప్పటికప్పుడు కొలుచు చేతి పరికరములను బజారులోనికి దింపినది. 2019లో నూటికి 47 నమూనాలలో కనబడిన సీసము 2021 నాటికి ఏ నమూనాలోను కనబడలేదు. భారత, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకలలోని 23 పట్టణముల పసుపును పరీక్షించి 2024లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 14 నమూనాలు గ్రాముకు 2 మైక్రోగ్రాములు మించినవి; పాట్నా, కరాచీ, పెషావరులలో 1,000 మించిన నమూనాలున్నవి. ఇవి నిజామాబాదు పసుపును గూర్చి గాని, బాసర ప్రసాదమును గూర్చి గాని చెప్పు అంకెలు కావు. ఎవ్వరును వీనిని అట్లు వాడరాదు.

సీసము పిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. ఇంత వరకైనచో అపాయము లేదని చెప్పదగిన మోతాదేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. బిడ్డకు బుద్ధి వికసింపవలెనని నాలుకకు రాయు పదార్థములో బుద్ధిని హరించునది చేరుటకు అవకాశమిచ్చునది, 'రంగు ఎంత చిక్కనైన అంత మేలు' అని కొనువాడు కట్టుకొన్న లెక్క. కొనువారిపై రంగుల ప్రభావమును గూర్చి పుటలు పుటలు వ్రాయు విపణన గ్రంథములలో లెడ్ క్రోమేటు మాట ఎచ్చటను కనబడకపోవుట వాని పెద్ద లోపము. రంగు చేత కొనువాడు ఎట్లు వశమగునని అమ్మువాని పక్షమున అడుగుటతోనే అవి తృప్తి చెందుచున్నవి.

భారతదేశపు ఆహార ప్రమాణముల ప్రకారము పసుపునకు ఏ రంగును కలుపరాదు. సీసము గ్రాముకు 10 మైక్రోగ్రాములు మించరాదు. పాఠశాలలో చేయదగిన మొదటి పరీక్ష సులభము. గాజుగ్లాసెడు నీటిలో కొమ్మును వేసినపుడు రంగు వెంటనే చిక్కగా దిగినచో పైపూత యున్నదని అనుమానింపవలెను. పొడిలో మెటానిల్ పసుపు అను నిషిద్ధ వర్ణకము కలిసినదో లేదో తెలిసికొనుటకు ప్రయోగశాలలో, ఉపాధ్యాయుని చేతి మీదుగా, హైడ్రోక్లోరికామ్లపు చుక్కలు వేసి చూడవచ్చును. గులాబిరంగు వచ్చి, నీరు పోసిన పిదప పోయినచో అది పసుపు స్వభావమే. నీరు పోసినను నిలిచినచో వర్ణకము కలదు. ఈ పరీక్షలలో తేలలేదని సీసము లేదనరాదు. లెడ్ క్రోమేటు నీటిలో కరుగదు, స్వల్పముగా నున్నచో కంటికి దొరకదు. దానికి పరికరమే కావలెను.

కర్కుమిన్ ఎంత యున్నదో కొలుచు ప్రయోగశాలలు కూడ రంగునే కొలుచును. పసుపుపొడిని ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రావణము గుండ 425 నానోమీటరుల కాంతిని పంపి, ఎంత పీల్చుకొన్నదో చూతురు. లెడ్ క్రోమేటు ఆల్కహాలులో కూడ కరుగదు గనుక వడగట్టుటలోనే నిలిచిపోయి, ఎంత మెరిసినను లెక్కలోనికి రాదు. వర్షమునకు తడిసి పైన నల్లబడిన రైతు కొమ్ములో లోపలి కర్కుమిన్ మిగిలియున్నచో ఆ మేరకు అది లెక్కకు వచ్చును.